డ్రైవరు పేరు రాయవలసిన చోట

ఉతికి ఆరేయమని అత్తగారు తెచ్చి ఇచ్చిన చొక్కా బావగారిది. “పెద్దకోడలు సాల్కిన్‌కి భుజం నొప్పిగా ఉందట, చెయ్యి లేవడం లేదట. నువ్వెలాగూ మనవి ఉతుకుతున్నావుగా, దాన్లో ఇదొకటి పడెయ్,” అని బకెట్ పక్కన పెట్టి, వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, “చన్నీళ్ళతో ఉతుకు. వేడినీళ్ళు పోస్తే నెత్తురు మరక పట్టేసుకుంటుంది,” అని కూడా చెప్పింది. బూరుల్‌కి తెలియదనా! పదకొండేళ్ళుగా రోడ్డు మీద చచ్చిపోయినవాళ్ళ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని లేచి వచ్చే మనిషికి, తన పోలీసు యూనిఫారం తనే ఉతుక్కునే మనిషికి, నెత్తురు మరక ఎలా వదులుతుందో ఒకరు చెప్పాలా? కానీ ఆ ఇంట్లో ఆమెకి తెలిసిన సంగతులు కూడా ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. ఆమె “సరే అత్తయ్యా” అంటూనే ఉంటుంది.

ఆ రోజు గురువారం. గురువారం వస్తే చనిపోయిన పెద్దల పేరు చెప్పి నూనెలో బోర్సోక్ పిండిముక్కలు వేయించాలి, ఆ వాసన వాళ్ళకి చేరుతుందని. తొమ్మిదింటికి స్టేషన్లో ఉండాలి. ఆ లోపల ఆవు పాలు తియ్యాలి, పిండి కలపాలి, బట్టలు ఉతకాలి, అత్తగారికీ మొగుడికీ టీ పొయ్యాలి. కప్పులో సగానికి మించి పొయ్యకూడదు. నిండా పోస్తే తాగి లేచి పొమ్మన్నట్టు. సగం సగం అంటే ఒక్కొక్కరికీ ఆరేడుసార్లు పొయ్యాలి, ఈలోగా తన కప్పు చల్లారిపోవాలి. ఈ మర్యాద కనిపెట్టినవాడెవడో గానీ వాడు జన్మలో ఒక్కరోజు కూడా టీ పోసి ఉండడు.

చొక్కా విప్పి చూసింది. నెత్తురు పెద్దగా లేదు, చేతి అంచు మీద నాలుగు చుక్కలు, అంతే. ఎక్కువ ఉన్నది ఖుబానీ పండ్ల గుజ్జు, ఎండి పసుపుపచ్చగా అట్టకట్టి ఉంది. జేబులో చితికిన అద్దం, పంచదారలాగా. ఎడమ భుజం నుంచి కుడి నడుము దాకా ఏటవాలుగా ఒక నల్లటి పట్టీ. అది సీటు బెల్టు గీసిన గీత అని చూడగానే తెలిసింది. బండి ఒక్కసారిగా ఆగినప్పుడు బెల్టు మనిషిని పట్టుకుని లాగుతుంది, తెల్లబట్ట మీద తన మురికి వదిలిపోతుంది. అక్కడి బండ్లకి స్టీరింగ్ ఎడమవైపు కాబట్టి, నడిపేవాడికైతే ఎడమ భుజం మీద, పక్కన కూర్చున్నవాళ్ళకైతే కుడి భుజం మీద. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకి ఈ పాఠం చెప్పేది తనే. ఒక్క క్షణం గీత వంక చూసింది. ఆయనే నడిపాడని తనకి తెలుసు, ఆయనే స్వయంగా చెప్పాడు, ఇక దీంతో పనేముంది అనుకుంది. సబ్బు పట్టించింది. పది నిమిషాల్లో చొక్కా మల్లెపువ్వులా తెల్లబడింది. ఆ పది నిమిషాల్నీ తరువాత ఎన్నిసార్లు తలుచుకుని తిట్టుకుందో లెక్కలేదు.

అంతకుముందు రోజు మధ్యాహ్నం మూడింటికి స్టేషన్‌కి ఫోన్ వచ్చింది. సరస్సు దక్షిణపు ఒడ్డు వెంట పోయే పెద్దరోడ్డు మీద, పోప్లార్ చెట్ల మలుపు దగ్గర, ఒక జీపు ఖుబానీలు అమ్ముకునే ఆవిణ్ణి గుద్దేసిందని. ఆ మలుపు దగ్గర అమ్మేది అనీపా ఒక్కతే. ఏభై దాటిన మనిషి, మొగుడు పోయి పదేళ్ళు, వేసవి వచ్చిందంటే రెండు ఎనామిల్ బకెట్లు ముందు పెట్టుకుని అదే చోట కూర్చునేది. బూరుల్ బండి అటు పోతే ఆపి, దోసెడు పళ్ళు కిటికీలోంచి ఒళ్ళో పోసేది. “తిను. మొహం చూసుకున్నావా, ఎలా పీక్కుపోయిందో. నీకూ ఇంట్లో అత్తగారుందిగా,” అని నవ్వేది. ఆవిడేనేమోనని దారి పొడుగునా భయపడుతూనే వెళ్ళింది. ఆవిడే.

జీపు ముక్కు కాలవలో దిగి ఉంది. రోడ్డంతా పళ్ళు. గులకరాళ్ళ మీద అనీపా, ముఖం మీద కప్పిన పూల రుమాలు అనీపాది కాదు, సాల్కిన్‌ది. తన తలగుడ్డ తీసి కప్పి, ఉత్త తలతో ఆ పక్కనే కూలబడి, ఎడమచేత్తో కుడి భుజం పట్టుకుని ఊగుతోంది బూరుల్ తోడికోడలు. జీపు అవతల, డ్రైవరు వైపు తలుపు దగ్గర, తాళంచెవులు చేతిలో పట్టుకుని బావగారు నిలబడి ఉన్నాడు. పొరుగూళ్ళో పెళ్ళి విందు నుంచి వస్తున్నారు. విందులో ఏం తాగాడో ఆమడ దూరానికి తెలుస్తోంది. “ఎండ కళ్ళల్లో పడింది బూరుల్. నేను చూడలేదమ్మా,” అన్నాడు. పదిహేనేళ్ళలో ఆయన ఆమెని అమ్మా అనడం అదే మొదలు.

బంధువు కేసు కాబట్టి తను ముట్టుకోకూడదు. వెంటనే మేజర్ నుసుప్‌కి ఫోన్ చేసింది. ఆయన వచ్చాడు, చూశాడు, పెదవి విరిచాడు. “నేను రాస్తాను, నువ్వు కొలిచి చెప్పు. ఎండలో నేను వంగలేను,” అన్నాడు. వాళ్ళ పద్ధతే అది. ఒకరు టేపు పట్టుకుని కొలిచి గట్టిగా చెప్పాలి, ఒకరు రాయాలి, దారిన పోయేవాళ్ళని ఇద్దర్ని ఆపి ప్రతి పేజీ కింద సాక్షి సంతకం పెట్టించాలి. ఆ రోజు దొరికినవాళ్ళు పుచ్చకాయల లారీవాళ్ళు. కొలిచే పని ఎప్పుడూ బూరుల్‌దే. స్టేషన్లో టీ పెట్టే పనీ ఆమెదే, చచ్చినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి కబురు చెప్పే పనీ ఆమెదే. “ఆడదానివి, నీకైతే ఏడుపు సులువు,” అని పంపేవారు.

కొలిచింది. చెప్పు దొరికిన చోటు, తారు అంచుకి ఒకటిన్నర మీటర్ల అవతల. బ్రేకు వేసిన నల్లగుర్తు, అనీపాకి దెబ్బ తగిలిన చోటు దాటాక తొమ్మిది మీటర్లకి మొదలు. అంటే నడిపినవాడు ఆమెని గుద్దేదాకా కళ్ళు తెరవలేదని. ఆఖర్న జీపు లోపలికి వంగి, సీటు వీపు నుంచి బ్రేకు పెడల్ దాకా కొలిచి, “నూటనాలుగు సెంటీమీటర్లు” అంది. ఈ కొలత ఎవరూ తీసుకోరు, ఆమె ఒక్కతే తీసుకుంటుంది. “సీటు కొలతలెందుకే, నువ్వు దర్జీవా?” అని మగవాళ్ళు నవ్వుతారు. మేజర్ ఆ రోజు కూడా నవ్వాడు, నవ్వుతూనే రాశాడు. లారీవాళ్ళు సంతకం పెట్టారు.

ఆ తరువాత ఫారం మొదటి పేజీ తిప్పి, “డ్రైవరు?” అన్నాడు.

బూరుల్ నోరు తెరిచింది, మాట రాలేదు. వాళ్ళలో ఏ కోడలూ మామగారి పేరు గానీ, మొగుడి పేరు గానీ, మొగుడి అన్నల పేర్లు గానీ నోటితో పలకదు. పెళ్ళైన మొదటి వారంలోనే అత్తగారు కూర్చోబెట్టి ఎవరెవర్ని ఏమని పిలవాలో నేర్పింది. మామగారి పేరు గల మనిషి ఎవరైనా కేసులో తగిలితే బూరుల్ కాగితం మీద వేలు పెట్టి చూపించేది. స్టేషనంతా నవ్వేది. అత్తగారు మాత్రం విందుల్లో నలుగురి ముందూ చెప్పుకునేది, “మా కోడలు పోలీసే గానీ, ఇంతవరకూ మావాళ్ళ పేర్లు దాని నాలుక మీదికి రాలేదు,” అని. అబద్ధమెందుకు, అలా చెబుతుంటే బూరుల్‌కి లోపల్లోపల గర్వంగానే ఉండేది. నోటితో అనకూడదు గానీ చేత్తో రాయకూడదని ఎవరూ అనలేదు. ఆ సందులోంచే ఉద్యోగం నెట్టుకొచ్చింది. అలవాటు కొద్దీ ఆ రోజు కూడా అదే అంది. “అది ఖాళీ ఉంచండి సార్. ఆఫీసుకి వెళ్ళాక నేను రాస్తాను.”

మేజర్ ఆమెని చూశాడు, కాస్త దూరంలో నిలబడ్డ బావగారిని చూశాడు. “అవునులే, కోడలివి కదా,” అని చిన్నగా నవ్వి కాగితం మడిచాడు. రక్తపరీక్షకని ఆలుమగలిద్దర్నీ తన బండిలో ఎక్కించుకుని వెళ్ళాడు. ఆ నవ్వుకి అర్థం ఆమెకి మర్నాటికి గానీ తెలియలేదు.

అక్కణ్ణుంచి కబురు చెప్పడానికి అనీపా కూతురు జిపార్ దగ్గరికి వెళ్ళింది. ఆ పిల్ల వరండాలో ఖుబానీలు చీల్చి గింజలు తీస్తూ ఉంది. విని అరవలేదు. చేతిలో పండు అలాగే పట్టుకుని చాలాసేపు కూర్చుని, “మా అమ్మ గాని రోడ్డుకి అడ్డం వెళ్ళిందా అక్కా?” అని ఒక్కటే అడిగింది. “లేదు. తారు అంచుకి ఒకటిన్నర మీటర్ల అవతల ఉంది. మీ అమ్మ తప్పు ఇసుమంత లేదు,” అని బూరుల్ చెప్పింది. కొలిచింది కాబట్టి అంత ధైర్యంగా చెప్పగలిగింది.

చొక్కా ఆరేసి, బోర్సోక్ వేయించి, అనీపా పేరు కూడా మనసులో అనుకుని గురువారం స్టేషన్‌కి వెళ్ళేసరికి ఫైలు మేజర్ బల్ల మీద ఉంది. ఖాళీ వదిలిన గీత ఇప్పుడు ఖాళీగా లేదు. మేజర్ గుండ్రటి చేతిరాతలో సాల్కిన్ పేరుంది. రక్తపరీక్ష కాగితమూ సాల్కిన్ పేరు మీదే ఉంది, మద్యం చుక్క లేదని. ఉండదు మరి, పండగనాడు పులిసిన గుర్రప్పాలు, కుమీస్ కూడా నాలుకకి తగలనివ్వని మనిషి. బూరుల్ రెండుసార్లు చదివింది.

“సార్, ఇది తప్పు.”

“ఖాళీ వదిలిందెవరు?” అన్నాడు మేజర్, తల ఎత్తకుండానే.

తరువాత కూర్చోమని నెమ్మదిగా చెప్పాడు, చిన్నపిల్లకి చెప్పినట్టు. నిన్న సాయంత్రం తన అత్తగారూ ఊరిపెద్దలిద్దరూ వచ్చారట. అందరూ ఒకమాట మీదికి వచ్చారట. ఆయనేమో బడికి హెడ్మాస్టరు, తాగి మనిషిని చంపాడని రాస్తే ఉద్యోగం పోతుంది, జైలూ తప్పదు. సాల్కిన్ ఆడమనిషి, నాలుగేళ్ళ పిల్లాడున్నాడు. పిల్లాడు పెద్దయ్యేదాకా శిక్ష ఆపుతారు, ఈలోగా చచ్చినావిడ వాళ్ళతో రాజీ కుదిరితే అంతా సర్దుకుంటుంది. “నీ మంచి కోరి చెబుతున్నాను. నువ్వు నోరు విప్పావనుకో, ముందు అడిగేది నిన్నే. చుట్టమని కదా ఖాళీ వదిలావు అంటారు. ఉద్యోగం ఊడుతుంది. నీకెందుకొచ్చిన గొడవ?” అన్నాడు. అని, టీ పెట్టమన్నాడు.

బూరుల్ టీ పెట్టింది. నీళ్ళు మరుగుతుంటే అప్పుడు గుర్తొచ్చింది చొక్కా. నిన్న సాయంత్రమే స్టేషన్‌కి వచ్చి మాట్లాడి వెళ్ళిన అత్తగారు, ఈ పొద్దున ఏమీ ఎరగనట్టు చొక్కా తెచ్చి బకెట్ పక్కన పెట్టింది. బెల్టు గీత సంగతి ఆవిడకి తెలిసి ఉండకపోవచ్చు. ఉతికేయవలసింది ఏదో ఉందని మాత్రం తెలుసు, ఎవరితో ఉతికించాలో కూడా తెలుసు. పోలీసు కోడలు చేతే. బూరుల్ మేజర్ కప్పులో టీ సగమే పోసింది, చేతులకి అలవాటు.

మొగుడు మెదెర్ చెడ్డవాడు కాదు. ఈ మాట ఆమె పదిహేనేళ్ళుగా తనకి తను చెప్పుకుంటోంది. కొట్టడు, తిట్టడు, జీతం తెచ్చి వాళ్ళమ్మ చేతిలో పెడతాడు. ఆ సాయంత్రం ఆమె బంగాళదుంపలు తొక్క తీస్తుంటే గడప మీద కూర్చుని, “అన్నయ్య లేకపోతే నాకు చదువేదీ, ఈ లైన్‌మన్ ఉద్యోగమేదీ,” అని మొదలుపెట్టాడు. తండ్రి పోయాక అన్నయ్య ఎలా పెంచాడో, బడికి తన బూట్లిచ్చి తను రబ్బరు జోళ్ళతో ఎలా వెళ్ళాడో చెప్పాడు. నిజమే చెప్పాడు. చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు కూడా. ఆఖర్న, “వదినే ఒప్పుకుంది. నీకేం కష్టం?” అన్నాడు.

“ఒప్పుకుందా, ఒప్పించారా?”

“రెంటికీ తేడా ఏముందే?” అన్నాడు మెదెర్. నిజంగా తెలియకే అడిగాడు పాపం.

ఆ మాట ఆమె లోపల చాలాసేపు తిరిగింది. ఒప్పుకున్నవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పెళ్ళినాడు తెర వెనక కూర్చోబెట్టి తెల్లరుమాలు తల మీద వేస్తుంటే ఒప్పుకుంది. నగరంలో ట్రైనింగుకి రమ్మని కాగితం వస్తే, “ఆవుని ఎవరు చూస్తారు?” అని అత్తగారంటే ఒప్పుకుంది. రెండో కానుపు అయిన నలభయ్యో రోజున చలిలో రోడ్డు మీద టేపు పట్టుకుంటే, ఇంటికి రాగానే “శవాల దగ్గర్నుంచి వచ్చి పిల్లని ముట్టుకోకు, ముందు స్నానం చెయ్యి, తరువాత వంట చెయ్యి,” అంటే ఒప్పుకుంది. ఏనాడైనా ఎవరైనా, ‘బూరుల్, నీకిది ఇష్టమేనా?’ అని అడిగారా అని వెతుక్కుంది. అనీపా అడిగేది, తింటావా అని. అంతకుమించి గుర్తు రాలేదు. దుంపల నీళ్ళలో చేతులు పెట్టుకుని కూర్చుని ఏడ్చింది. మెదెర్ తన అన్నయ్య కోసం ఏడుస్తోందనుకుని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

శుక్రవారం అనీపాని మట్టి చేశారు. వాకిట్లో వేసిన యుర్తా గుడారంలో కూతురు గోడవైపు తిరిగి కూర్చుని శోకాలు పెడుతోంది. బావగారి కుటుంబం క్షమాపణకి వెళ్ళింది. అది అక్కడి ఆనవాయితీ, ఇవ్వడానికి ఒక గుర్రాన్ని పట్టుకుని, తలలు వంచుకుని వెళ్ళాలి. అందరికన్నా ముందు సాల్కిన్‌ని నడిపించారు. బూరుల్ ఇంటి కోడలిగా ఆమె వెనకే వెళ్ళింది. లోపల అడుగు పెట్టగానే జిపార్ శోకం ఆపి ఇటు తిరిగింది. లేచి వచ్చి సాల్కిన్ రెండు భుజాలూ పట్టుకుంది. “నువ్వూ ఆడదానివే కదా. రోజూ ఆ దారినే పోతావు కదా. మా అమ్మ నీకు పళ్ళివ్వలేదా? కనబడలేదా నీకు?” అంటూ కుదిపింది. నొప్పి భుజం అది. సాల్కిన్ పళ్ళు బిగపట్టింది తప్ప నోరు మెదపలేదు. శాపనార్థాలన్నీ నిలబడి పడింది. ఆఖర్న మోకాళ్ళ మీద కూలి ఆ పిల్ల పాదాలు పట్టుకుని ఏడ్చింది. ఏం చేసిందని ఆ ఏడుపు? యుర్తా బయట మగవాళ్ళ వరసలో బావగారు టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆయన మొహం నల్లబడిపోయి ఉంది, ఆయనకి బాధ లేదని అనలేం. కానీ ఎవరో ఆయన చేతికి టీ ఇచ్చారు, ఆయన తాగాడు.

శనివారం స్నానాల రోజు. బావగారి పెరట్లోనే స్నానపు గది, పొయ్యి రాజేసి రాళ్ళు కాలిస్తే రెండిళ్ళవాళ్ళకీ అదే. మగవాళ్ళయ్యాక, పిల్లలయ్యాక, నీళ్ళు సగం చల్లారాక తోడికోడళ్ళ వంతు వస్తుంది. సాల్కిన్ చెయ్యి లేవడం లేదని బూరుల్ ఆమె జడ విప్పి తల రుద్దుతోంది. ఆవిరిలో ఆ మచ్చ అప్పుడు కనబడింది. కుడి భుజం మీద నుంచి రొమ్ముల మధ్యగా ఎడమ నడుము దాకా, వెడల్పుగా, అంచులు అప్పుడే పచ్చబడుతూ. చొక్కా మీది గీతకి జత గీత. దాన్ని తను ఉతికేసింది, ఇది దానంతటదే ఇంకో నాలుగు రోజుల్లో పోతుంది. బూరుల్ వేలు ఆ మచ్చ మీద ఆగిపోయింది.

“చూడకు,” అంది సాల్కిన్. కాసేపాగి నవ్వింది. “ఎనిమిదేళ్ళ కిందట లైసెన్సు తీసుకున్నాను, తెలుసుగా. ఒక్కసారి నడుపుతానంటే, నువ్వు ఆవుని తోలుకో చాలు అనేవారు. మొన్న స్టేషన్‌కి ఫోన్ వెళ్ళాక, నువ్వొచ్చేలోపల, ఆయన నాతో అన్న మొదటి మాటేమిటో తెలుసా? ఈ పక్కకి వచ్చి కూర్చో అని. నేను వెళ్ళలేదు. ఆవిడ మొహం మీద ఎండ పడుతోంది, ముందు కప్పాలి కదా. మర్నాటికల్లా నన్ను కూర్చోబెట్టేశారు. పెళ్ళైన ఇరవయ్యేళ్ళకి స్టీరింగ్ ఇచ్చారు, బూరుల్.” ఆ నవ్వు ఏడుపైపోయింది.

బూరుల్ నీళ్ళు పోయడం ఆపింది. “అక్కా, ఎవరైనా నిన్ను అడిగారా?”

“ఎవరడుగుతారు? అత్తయ్య చెప్పింది. పెద్దవాళ్ళు చెప్పారు. మీ మేజర్ ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పాడు. అందరూ చెప్పారు. అడిగినవాళ్ళు లేరు.”

“నేను అడుగుతున్నాను. బండి నడిపిందెవరు?”

సాల్కిన్ నోరు తెరిచింది, మూసింది. తడి జుట్టు మొహం మీద పడి ఉంది. “నీకు తెలియదూ? ఆ పేరు నేనెలా అననే? నువ్వు మాత్రం అనగలవా?” అంది. ఇద్దరు ఆడవాళ్ళు, గుడ్డపేలిక లేకుండా, మగపురుగు వినని చోట కూర్చుని కూడా ఆ ఒక్క పేరూ నాలుక మీదికి తెచ్చుకోలేకపోయారు. సాల్కిన్ ఇరవయ్యేళ్ళుగా కాపురం చేస్తున్న మనిషి పేరది. బూరుల్ మళ్ళీ చెంబు ముంచి ఆమె తల మీద పోసింది.

సోమవారం పొద్దున అందర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి వాంగ్మూలాలు చదివే కార్యక్రమం. దాంతో ఫైలు మూసేస్తారు. బూరుల్ యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటుంటే అత్తగారు వచ్చి, “ఏమీ మాట్లాడకు. నువ్వసలు అక్కడ లేనట్టే రాసుకోమను. నువ్వు మంచిదానివి కాబట్టి చెబుతున్నాను,” అంది. ఎంతైనా ఆవిడకి కన్నకొడుకు. బూరుల్‌కి ఆవిడ మీద కోపం రాలేదు, జాలేసింది. ఈ ఇంటికి కోడలై వచ్చిన నాటి నుంచి తన మామగారి పేరు ఆవిడ కూడా పలికి ఉండదు. “సరే అత్తయ్యా” అనలేదు గానీ, కప్పులో టీ పోసి ఇచ్చి వచ్చింది.

మేజర్ గది చిన్నది. కిటికీ పక్క కుర్చీలో జిపార్, రాజీ కాగితం మీద సంతకం పెట్టడానికి వచ్చింది, ఏడ్చి ఏడ్చి ఎండిపోయి ఉంది. ఎదురుగా బావగారు, కొత్త చొక్కా. కాదు, కొత్తది కాదు. బూరుల్ ఉతికిందే. మూల బల్ల మీద సాల్కిన్, కొత్త తలగుడ్డ కట్టుకుని, కాళ్ళు నేలకి అందీ అందక, ఒళ్ళో చేతులు. మేజర్ గొంతు సవరించుకుని రెండు పేజీలు గబగబా చదివేశాడు. డ్రైవరు దగ్గర సాల్కిన్ పేరు చదివాడు, ఆమె తల ఊపింది. ఆ తరువాత లాంఛనంగా బూరుల్ వైపు తిరిగి, “అక్కడికి ముందు చేరుకున్న అధికారివి నువ్వు. చేర్చడానికి ఏమీ లేదు కదా?” అన్నాడు.

బూరుల్ లేచి నిలబడింది. ఉద్యోగం గుర్తొచ్చింది, పిల్లలు గుర్తొచ్చారు, ఈ సాయంత్రం ఏ ఇంటికి వెళ్ళాలో ఏమిటో. “మూడో పేజీ చదవలేదు సార్ మీరు,” అంది. “అందులో సీటు వీపు నుంచి బ్రేకు దాకా కొలత ఉంది. మీ చేతిరాతే, కింద ఇద్దరు సాక్షుల సంతకాలున్నాయి. నూటనాలుగు సెంటీమీటర్లు. జీపు మన స్టేషన్ పెరట్లోనే ఉంది, సీటు ఎవరూ జరపలేదు, నేను వచ్చేముందు మళ్ళీ కొలిచి చూశాను. అక్కని తీసుకెళ్ళి అందులో కూర్చోబెట్టండి. కాలు బ్రేకుకి అందుతుందేమో చూడండి.”

జిపార్ కిటికీ వైపు నుంచి ఇటు తిరిగింది.

“నేను వెళ్ళేసరికి తాళంచెవులు ఎవరి చేతిలో ఉన్నాయో నేను చూశాను. నేను చూడలేదమ్మా అని ఆయన నాతో అన్నారు. ఆ రోజు మీరు డ్రైవరు పేరు అడిగితే నేను చెప్పలేదు, ఖాళీ ఉంచమన్నాను. అది నా తప్పు. దానికి నా మీద ఏం రాసుకుంటారో రాసుకోండి. పేరు మాత్రం ఇప్పుడు చెబుతున్నాను.” రోడ్డు మీద టేపు అవతలి కొసన ఉన్నవాళ్ళకి వినబడేలా కొలతలు ఎలా చెబుతుందో అలా, ఒక్కొక్క ముక్కా విడివిడిగా, గట్టిగా చెప్పింది. “జుమాకదీరోవ్ తాలాయ్‌బెక్.”

ఆ పేరు వినగానే బావగారు ఉలిక్కిపడ్డాడు, ఎవరో చెంప మీద కొట్టినట్టు. మేజర్ కలం కదల్లేదు. “కోడలు మాట పట్టుకుని రాయడానికి లేదు,” అన్నాడు, “కోపంలో ఉంది. సాల్కిన్, నువ్వు సంతకం పెట్టావు. నడిపింది నువ్వే కదమ్మా?”

అదీ చెప్పడమే. కానీ వాడుక మాటగా చివర్న ఒక ప్రశ్న అతుక్కుని వచ్చింది. సాల్కిన్ చాలాసేపు ఒళ్ళోని చేతుల వంక చూసుకుంది. ఆమె ఎడమ చెయ్యి మెల్లగా లేచి కుడి భుజం మీదికి వెళ్ళింది. జిపార్ వైపు చూసింది, మొగుడి వైపు చూడలేదు. పెదవులు రెండుసార్లు కదిలి ఆగిపోయాయి, మూడోసారి మాట బయటికి వచ్చింది, చిన్నగానే, కానీ అందరికీ వినబడింది.

“తాలాయ్‌బెక్ నడిపాడు. నేను పక్క సీట్లో కూర్చున్నాను.”